మెట్రో డిస్ట్రిక్ట్ అంటే అసలు ఏంటి? ఇంటి పన్నులో సగం దానికే పోతోంది (అరోరా, కొలరాడో)

అనూష_అరోరా
2023లో అరోరాలో కొత్త ఇల్లు కొన్నాం. చెర్రీ క్రీక్ స్కూళ్లు ఉన్నాయని ఇటు వచ్చాం. మొదటి ఏడాది ప్రాపర్టీ టాక్స్ 1,900 డాలర్లే వచ్చింది, పర్లేదు అనుకున్నాం. మొన్న 2025 జనవరిలో కౌంటీ నుంచి వచ్చిన బిల్లు చూస్తే 5,500. వెనకాలే బ్యాంకు వాళ్ల ఉత్తరం: ఎస్క్రోలో (పన్ను కోసం బ్యాంకు నెలనెలా డబ్బు పక్కన పెట్టే ఖాతా) డబ్బు చాలలేదు, నెల కిస్తీ దాదాపు 600 పెరుగుతుంది అని. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర లేదు. బిల్లు వివరాలు తీసి చూస్తే కౌంటీ, సిటీ, స్కూలు అన్నీ ఉన్నాయి, వాటితో పాటు "మెట్రోపాలిటన్ డిస్ట్రిక్ట్ నంబర్ 4" అని ఒకటి ఉంది, దాదాపు 2,500 దానికే. మా కాలనీ దగ్గర మెట్రో రైలు కూడా లేదు కదా, ఈ మెట్రో ఏంటి? హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు వేరే కడుతున్నాం. ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి ప్లీజ్.

గోదారి_గట్టు
రైలుకీ దానికీ సంబంధం లేదండీ. నేనూ మొదట్లో ఆర్‌టీడీ (డెన్వర్ ప్రాంత రవాణా సంస్థ) ట్రైన్ డబ్బులే అనుకున్నా. మాది కామర్స్ సిటీ, ఇక్కడా ఇదే కథ.

లెక్కల_మాస్టారు
అనూషమ్మా, ముందు టెన్షన్ తగ్గించుకో. 600లో సగం శాశ్వతం కాదు.

మొదటి ఏడాది బిల్లు తక్కువ రావడానికి కారణం ఇది. కొలరాడోలో పన్ను ఏడాది వెనకబడి కడతాం, అదీ జనవరి 1న స్థలం ఏ స్థితిలో ఉందో దాని మీద. నువ్వు కొన్న ఏడాది జనవరి 1కి అక్కడ ఇల్లు లేదు, ఖాళీ ప్లాటు మీద బిల్లు వచ్చింది. ఇప్పుడు ఇంటి మీద వచ్చింది. తేడా 3,600, అంటే నెలకి 300. మిగతా 300 పాత కొరత, బ్యాంకు దాన్ని ఏడాదిలో రాబట్టుకుని ఆపేస్తుంది. చేతిలో డబ్బుంటే కొరత ఒక్కసారి కట్టెయ్, కిస్తీ ఇప్పుడే తగ్గుతుంది.

ఇక మిల్ లెవీ, అంటే పన్ను రేటు. మీ ఇల్లు 6,20,000 అనుకుందాం. ఈసారి బిల్లుకి (2024 పన్ను ఏడాదిది) అందులోంచి 55,000 తీసేసి, మిగిలిన దాంట్లో 6.7 శాతాన్ని మాత్రమే పన్ను వేసే విలువగా తీసుకున్నారు. అంటే సుమారు 38,000. ఒక మిల్లు అంటే వెయ్యి డాలర్ల విలువకి ఒక డాలరు. మెట్రో డిస్ట్రిక్ట్ 65 మిల్లులు వేస్తే 38 ఇంటూ 65, 2,470. నువ్వు చెప్పిన 2,500 అదే.

అనూష_అరోరా
మాస్టారూ, చాలా థాంక్స్. ఇన్నాళ్లకి ఆ బిల్లు అర్థమైంది. కానీ ఆ 65 ఎవరు పెట్టారు? మమ్మల్ని ఎవరూ అడగలేదే.

హైలాండ్స్_రాంచ్_రాఘవ
అసలు ప్రశ్న అదే. మెట్రో డిస్ట్రిక్ట్ అనేది కంపెనీ కాదు, హెచ్ఓఏ కాదు. అది ప్రభుత్వం. మన ఊళ్లో పంచాయతీ ఎలాగో ఇదీ అలాంటిదే, కాకపోతే కొన్ని పనులకే. రాష్ట్ర చట్టంలో టైటిల్ 32 కింద పుడుతుంది. నీటి డిస్ట్రిక్ట్, ఫైర్ డిస్ట్రిక్ట్ లాంటివి ఒక్క పని చేస్తాయి. రెండు అంతకంటే ఎక్కువ పనులు చేసేదాన్ని మెట్రోపాలిటన్ డిస్ట్రిక్ట్ అంటారు: రోడ్లు, నీళ్లు, మురుగు, పార్కులు, చివరికి దోమల నివారణ కూడా ఆ జాబితాలో ఉంది. దానికి పన్ను వేసే హక్కుంది, బాండ్లు అమ్మి అప్పు తెచ్చే హక్కుంది, 5 లేదా 7 మందితో ఎన్నికైన బోర్డు ఉంటుంది. రాష్ట్రంలో ఇలాంటివి రెండు వేలకు పైనే ఉన్నాయి.

తెనాలి_2_డెన్వర్
రెండు వేల పంచాయతీలా! మా గుంటూరు జిల్లాలో కూడా అన్ని ఉండవు 😀

అనూష_అరోరా
ఎన్నికైన బోర్డు అంటున్నారు, ఎవరు ఎన్నుకున్నారు? మేం వచ్చేసరికే మా వీధిలో 12 ఇళ్లు ఉన్నాయి అంతే.

బెజవాడ_మిర్చి
బిల్డర్ ఎన్నుకున్నాడు. నేను చెప్తా ఎలాగో. అక్కడ మనుషులు లేనప్పుడు, గడ్డి మాత్రమే ఉన్నప్పుడు డిస్ట్రిక్ట్ పెడతారు. ఓటు వేయాలంటే కొలరాడోలో నమోదైన ఓటరై ఉండాలి, పైగా డిస్ట్రిక్ట్‌లో నివాసమో, పన్ను పడే ఆస్తో ఉండాలి. అందుకని డెవలపర్ దగ్గర పనిచేసే నలుగురైదుగురికి ఒక చిన్న ముక్క స్థలం కొనే ఒప్పందం రాసిస్తారు. దాంతో వాళ్లు ఓటర్లు, వాళ్లే అభ్యర్థులు, వాళ్లే బోర్డు. అప్పుకి ఓటర్ల అనుమతి ఉండాలని 1992లో టాబర్ అనే రాష్ట్ర రాజ్యాంగ సవరణ వచ్చింది కదా, ఆ అనుమతి కూడా ఈ నలుగురే ఇచ్చేస్తారు, కోట్ల డాలర్లకి. ఇల్లు కొన్నవాళ్లు 30, 40 ఏళ్లు తీరుస్తారు. మా దగ్గర అచ్చం ఇదే జరిగింది. చట్టప్రకారం తప్పు లేదంటారు, నాకైతే కడుపు మండుతుంది.

సైట్_ఇంజనీర్_శ్రీను
మిర్చి గారూ, నేను ల్యాండ్ డెవలప్‌మెంట్‌లోనే పనిచేస్తా, రెండో వైపు కూడా వినండి. 300 ఎకరాల గడ్డిభూమికి మెయిన్ రోడ్డు, నీటి పైపు, వాన నీటి చెరువు, సిగ్నల్ లైట్లు ఎవరు వేయాలి? ఇక్కడి సిటీలు ఎప్పటినుంచో ఒకటే మాట అంటాయి, కొత్త కాలనీ ఖర్చు కొత్త కాలనీయే పెట్టుకోవాలి అని. పాత ఊరివాళ్ల పన్నుతో మీ రోడ్డు వేస్తే వాళ్లు ఊరుకుంటారా? డిస్ట్రిక్ట్ ప్రభుత్వం కాబట్టి దాని బాండ్ల వడ్డీకి ఫెడరల్ ఆదాయపన్ను ఉండదు, అందుకే వడ్డీ తక్కువకి దొరుకుతుంది. లేదంటే ఆ ఖర్చు మొత్తం ఇంటి ధరలో కలుస్తుంది, డౌన్ పేమెంట్ కూడా పెరుగుతుంది. ఈ డిస్ట్రిక్ట్‌లు లేకపోతే మీ కాలనీల్లో చాలావరకు పుట్టేవి కావు.

బెజవాడ_మిర్చి
ఇంటి ధర తగ్గించి అమ్మాడా మరి? పక్కనే డిస్ట్రిక్ట్ లేని పాత కాలనీలో చదరపు అడుగు ధర, మాది ఒకటే.

సైట్_ఇంజనీర్_శ్రీను
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటా. మార్కెట్ ఎంత ఇస్తే అంతకి అమ్ముతారు.

లెక్కల_మాస్టారు
శ్రీను చెప్పింది సగం నిజం. వడ్డీ తక్కువ అన్నది బయట మార్కెట్లో అమ్మిన బాండ్లకి. చాలా చోట్ల డెవలపర్ తను పెట్టిన ఖర్చుకి బదులు డిస్ట్రిక్ట్ బాండ్లు తనే తీసుకుంటాడు. అప్పిచ్చేవాడు తనే, అప్పు తీసుకునే బోర్డులో కూర్చునేది తన మనుషులే. ఆ రెండో వరస బాండ్లకి (మొదటి బాండ్లకి కట్టాకే వీటికి డబ్బు) వడ్డీ 7, 8 శాతం కూడా ఉంటుంది, కట్టలేని వడ్డీ అసలులో కలుస్తుంది. 8 శాతానికి చక్రవడ్డీ అయితే తొమ్మిదేళ్లలో అప్పు రెట్టింపు. కాలనీలో ఇళ్లు అనుకున్నంత వేగంగా లేవకపోతే జరిగేది అదే. డెవలపర్ ఇలా తనే బాండ్లు కొనడం ఆపాలని 2023లో రాష్ట్ర శాసనసభలో ఒక బిల్లు పెట్టారు, హెచ్‌బీ 1090, అది నెగ్గలేదు. కానీ అదే ఏడాది ఎస్‌బీ 110 చట్టమైంది. దాని ప్రకారం కొత్త డిస్ట్రిక్ట్ సర్వీస్ ప్లాన్‌లో (డిస్ట్రిక్ట్ ఏం చేయొచ్చో రాసే మూల పత్రం) గరిష్ఠ మిల్లు ఎంత, గరిష్ఠ అప్పు ఎంత రాయాలి. ఏడాదికి ఒక మీటింగ్ పెట్టి లెక్కలు చెప్పి జనం ప్రశ్నలు తీసుకోవాలి. కొత్త ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాడికి డిస్ట్రిక్ట్ సంగతీ, పన్ను అంచనా కూడా చెప్పాలి.

సీత_పార్కర్
ఈ చట్టం మేం కొనక ముందు వచ్చుంటే బాగుండేది. మేం 2018లో కొన్నాం. క్లోజింగ్ రోజు (కొనుగోలు పూర్తయ్యే రోజు) 140 పేజీలు సంతకాలు పెట్టించారు, ఆ టైటిల్ కాగితాల్లో ఎక్కడో ఒక లైను ఉందట. బాబుని ఎత్తుకుని కూర్చున్నా, వాడు ఏడుస్తున్నాడు, పెన్ను ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టా. మా ఏజెంటు "ఇది పార్కులకి చిన్న పన్నండీ" అన్నారు. ఆ చిన్న పన్ను బిల్లులో 55.664 అని ఉండేది. ఆ వింత సంఖ్య ఏంటో ఇప్పటికీ తెలీదు.

లెక్కల_మాస్టారు
సీత గారూ, అది చాలామంది బిల్లుల్లో ఉండేది. గరిష్ఠం 50 మిల్లులు అని సర్వీస్ ప్లాన్‌లో రాస్తారు. కానీ రాష్ట్రం పన్ను వేసే శాతాన్ని తగ్గిస్తే డిస్ట్రిక్ట్ ఆదాయం పడిపోకుండా మిల్లు పెంచుకోవచ్చని కూడా రాస్తారు. ఇళ్ల మీద శాతం 7.96 నుంచి 7.15కి దిగింది. 50ని 7.96తో హెచ్చించి 7.15తో భాగించండి, 55.664 వస్తుంది. అందుకే రాష్ట్రం "మీకు పన్ను తగ్గించాం" అన్నప్పుడు ఈ డిస్ట్రిక్ట్ భాగంలో తగ్గింపు కనిపించదు.

సీత_పార్కర్
ఏడేళ్ల సందేహం తీరింది. మా ఆయనకి ఇప్పుడే చూపించా.

కేటీ_కిరణ్
హ్యూస్టన్ నుంచి. మాకు ఇక్కడ మడ్ ఉంది, మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. నీళ్లు, మురుగు, వాన నీటి కాలువలు దానివే. అన్నీ కలిపి ఇంటి ధర మీద దాదాపు 3 శాతం కడుతున్నా, కాబట్టి మీరు 5,500 అంటే నాకు ముచ్చటేస్తోంది. కానీ ఒక తేడా ఉంది. ఇక్కడ డెవలపర్ ముందు తన డబ్బు పెట్టి పైపులు వేయాలి, తర్వాత బాండ్లు అమ్మి తిరిగి ఇవ్వాలంటే రాష్ట్ర పర్యావరణ కమిషన్ పరిశీలించాలి. కొనేవాడి చేత మడ్ నోటీసు మీద విడిగా సంతకం పెట్టించాలని కూడా చట్టం ఉంది.

గోదారి_గట్టు
3 శాతమా! అయినా టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు కదా కిరణ్, లెక్క సరిపోతుందిలే.

కేటీ_కిరణ్
సరిపోయిందో లేదో మా ఆవిడ ఎక్సెల్ షీటులో ఉంది, అడిగే ధైర్యం లేదు 😄

హైలాండ్స్_రాంచ్_రాఘవ
అందరూ తిడుతున్నారు, ఒక మంచి ఉదాహరణ నేను చెప్పాలి. మా హైలాండ్స్ రాంచ్‌లో లక్ష మంది దాకా ఉంటాం, కానీ ఇది సిటీ కాదు. మేయరు లేడు, సిటీ కౌన్సిల్ లేదు. పార్కులు, నడక దారులు, బహిరంగ స్థలాలు అన్నీ మెట్రో డిస్ట్రిక్టే చూస్తుంది. అగ్నిమాపక సేవ సౌత్ మెట్రో ఫైర్ రెస్క్యూది, పోలీసు పని డగ్లస్ కౌంటీ షెరీఫ్‌ది. నాలుగు రిక్రియేషన్ సెంటర్లు మాత్రం కమ్యూనిటీ అసోసియేషన్‌వి, దానికి వేరే ఫీజు. కొత్తగా వచ్చినవాళ్లు ఈ రెండిటినీ ఎప్పుడూ కలిపేస్తారు. కాలనీ కట్టినప్పటి బాండ్ల అప్పు పూర్తిగా తీరిపోయింది, మిల్లు బాగా తగ్గింది. బోర్డులో ఉన్నది ఇక్కడ నివసించేవాళ్లే. నేను సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లే దారి పొడుగునా చెట్లు చూస్తే ఈ పన్ను కట్టడానికి నాకు బాధ లేదు.

బెజవాడ_మిర్చి
రాఘవ అన్నా, మీది 40 ఏళ్ల నాటి కాలనీ. మాది మీలా అవ్వాలంటే నా మనవడు కట్టాలి.

హైలాండ్స్_రాంచ్_రాఘవ
కాదనను. కానీ మా దగ్గర కూడా మొదట్లో బోర్డు డెవలపర్‌దే. జనం వచ్చాక జనం చేతికి వచ్చింది.

కొండపల్లి_బొమ్మ
అలా చేతికి రాకుండా చూసుకునే పద్ధతి కూడా ఉంది, జాగ్రత్త. అనూష గారి బిల్లులో "నంబర్ 4" అని ఉంది కదా. అంటే 1 నుంచి 6, 7 దాకా ఉండొచ్చు. నంబర్ 1లో ఒక్క చిన్న ప్లాటు ఉంటుంది, మనుషులు ఉండరు. జనం ఉండేది 2, 3, 4లో. వీటి మధ్య ఒక ఒప్పందం రాసుకుంటారు: వసూలైన డబ్బంతా నంబర్ 1కి పంపాలి, ఏ పని చేయాలో నంబర్ 1 చెప్తుంది అని. మీరు కష్టపడి నంబర్ 4 బోర్డులో గెలిచినా తాళాలు నంబర్ 1 దగ్గరే. మా పక్క కాలనీవాళ్లు బోర్డులో ఐదుకి ఐదు గెలిచి, మొదటి మీటింగ్‌లో ఈ ఒప్పందం చదివి తెల్లబోయారు. పోటీకి ముందే ఆ ఒప్పందం తెప్పించుకుని చదవండి.

అనూష_అరోరా
ఇప్పుడే చూశా. నిజంగానే 1 నుంచి 7 ఉన్నాయి. ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి?

కొండపల్లి_బొమ్మ
2021లో వచ్చిన చట్టం వల్ల 2000 తర్వాత పుట్టిన మెట్రో డిస్ట్రిక్ట్‌లకి వెబ్‌సైట్ ఉండాలి. అందులో బోర్డు సభ్యుల పేర్లు, బడ్జెట్, ఆడిట్, మీటింగ్ తేదీలు ఉండాలి. లేకపోతే రాష్ట్ర లోకల్ అఫైర్స్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో డిస్ట్రిక్ట్ పేరు కొడితే సర్వీస్ ప్లాన్, బడ్జెట్ వస్తాయి. ముందు బడ్జెట్‌లో రెండు ఫండ్లు విడిగా చూడండి: నిర్వహణకి ఎన్ని మిల్లులు, అప్పుకి ఎన్ని. అప్పుది బాండ్ ఒప్పందం ప్రకారం నడుస్తుంది, కొత్త బోర్డు వచ్చినా ఊరికే తగ్గించలేదు. వడ్డీ రేట్లు దిగినప్పుడు తక్కువకి మార్చుకోవచ్చు అంతే. నిర్వహణది మాత్రం బోర్డు చేతిలో ఉంటుంది. లాయరు, అకౌంటెంటు, మేనేజ్‌మెంట్ కంపెనీ ఫీజులు అందులోనే. మా దగ్గర గడ్డి కోయడానికి అయ్యేదాని కంటే లాయరు బిల్లు ఎక్కువ.

తెనాలి_2_డెన్వర్
మరి పనిలో పని, డిస్ట్రిక్ట్ దివాలా తీస్తే మన ఇల్లు పోతుందా? మా బావమరిది భయపెడుతున్నాడు.

లెక్కల_మాస్టారు
ఇల్లు పోదు. 1980ల చివర ఇక్కడ ఇళ్ల మార్కెట్ కూలినప్పుడు కొన్ని మెట్రో డిస్ట్రిక్ట్‌లు నిజంగానే చాప్టర్ 9 (స్థానిక ప్రభుత్వ సంస్థల) దివాలాకి వెళ్లాయి, క్యాజిల్ రాక్‌లో ఒకటి, కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర కొలరాడో సెంటర్ అని ఒకటి. అందుకే ఇప్పుడు చాలా బాండ్లకి మిల్లు గరిష్ఠం పెడుతున్నారు. ఆ గరిష్ఠం వేసినా డబ్బు చాలకపోతే నష్టం బాండ్లు కొన్నవాళ్లది. కాకపోతే ఆ గరిష్ఠం ఏళ్ల తరబడి అలాగే కట్టాల్సి వస్తుంది. బావమరిదికి చెప్పు.

హైదరాబాద్_హేమ
మన దగ్గర ఇలాంటివి లేవనుకోకండి. తెలంగాణలో, ఆంధ్రాలో ఇండస్ట్రియల్ పార్కుల్లో ఐలా అని ఉంటుంది, ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ. అక్కడ ఆస్తి పన్ను మున్సిపాలిటీ వసూలు చేయదు, ఐలా చేస్తుంది. అందులో 35 శాతం స్థానిక సంస్థకి ఇచ్చి, మిగతాదాంతో అక్కడి రోడ్లు, లైట్లు చూసుకుంటుంది. గేటు లోపల రోడ్డు అద్దంలా, బయట గుంతలు. మా ఆఫీసు అక్కడే ఉండేది కాబట్టి రోజూ ఆ తేడా చూసేదాన్ని. అక్కడ ఓటర్లు ఉండరు, కంపెనీలే. ఇక్కడ మనుషులు ఉన్నారు కదా, అందుకే ఇక్కడిది నాకు ఎక్కువ బాధ.

సైట్_ఇంజనీర్_శ్రీను
ఇంకో మాట. స్పెషల్ డిస్ట్రిక్ట్ అనగానే అన్నీ ఇంతే అనుకోవద్దు. డెన్వర్ చుట్టూ ఏడు కౌంటీల్లో పది డాలర్లు ఖర్చుపెడితే ఒక పెన్నీ సైన్స్, కళల డిస్ట్రిక్ట్‌కి పోతుంది. జూ, మ్యూజియంలకి డబ్బు అక్కడినుంచే. మన పిల్లలు వెళ్లే ఉచిత రోజులు ఆ పెన్నీ వల్లే. వరద నీటికి మైల్ హై ఫ్లడ్ డిస్ట్రిక్ట్ 1969 నుంచి ఉంది, మీ బిల్లులో ఒక మిల్లు దరిదాపుల్లో ఉంటుంది చూడండి. నీళ్లు కౌంటీ సరిహద్దు చూసుకుని పారవు కదా.

అనూష_అరోరా
ఇవన్నీ చదివాక వాళ్ల మీటింగ్‌కి వెళ్లా (జూమ్‌లోనే). 11 నిమిషాల్లో అయిపోయింది. బోర్డులో ముగ్గురు, ముగ్గురూ బిల్డర్ ఆఫీసు వాళ్లే, రెండు సీట్లు ఖాళీ. జనం నుంచి నేనొక్కదాన్నే. ప్రశ్నలు అడగొచ్చన్నారు. గొంతు వణికింది, అయినా నిర్వహణ మిల్లు ఎందుకు తగ్గించకూడదు అని అడిగా. మర్యాదగానే జవాబు చెప్పారు, రాసుకున్నారు. ఈ 2025 మే 6న ఎన్నికలు ఉన్నాయని అక్కడే తెలిసింది. ఫిబ్రవరి 28 లోపు నామినేషన్ ఫారం ఇవ్వాలట. సీట్ల కంటే అభ్యర్థులు ఎక్కువ లేకపోతే ఎన్నికే రద్దు చేసి, ఉన్నవాళ్లని గెలిచినట్టు ప్రకటిస్తారట. అందుకేనా మాకు ఎప్పుడూ బ్యాలెట్ రాలేదు! నేను నిలబడతా.

బెజవాడ_మిర్చి
సూపర్ అనూషక్కా!!

గోదారి_గట్టు
ఒక్క నిమిషం, మీరు సిటిజనా?

అనూష_అరోరా
కాదండీ. హెచ్1బీ. 2014 నుంచి గ్రీన్ కార్డు లైన్లో ఉన్నాం.

గోదారి_గట్టు
అయితే కుదరదు. ఓటరు నమోదు ఉండాలి, అది సిటిజన్‌కే. నేనూ ఇక్కడే ఆగిపోయా. మా కాలనీలో మనవాళ్లు 40 కుటుంబాలు ఉన్నాం, పన్ను అందరం కడతాం, ఓటున్నది ఆరుగురికి.

అనూష_అరోరా
అది నాకు తట్టలేదు. పన్నెండేళ్లుగా ఈ దేశంలో పన్ను కడుతున్నా. చాలా బాధగా ఉంది.

సీత_పార్కర్
అనూషా, బాధపడకు. మా ఇంట్లో నేను సిటిజన్ని, ఇల్లు మా ఆయన పేరు మీదే ఉంది, అయినా నాకు అర్హత ఉందన్నారు. యజమాని భార్యో భర్తో కొలరాడో ఓటరైతే చాలు. మీ వీధిలో అలా ఎవరున్నారో చూడు, తెలుగువాళ్లే కానక్కర్లేదు. పైగా మీటింగ్‌లో మాట్లాడటానికి, బడ్జెట్ కాగితాలు అడగటానికి, డిసెంబరులో మిల్లు ఖరారు చేసే ముందు అభ్యంతరం చెప్పటానికి సిటిజన్ అవ్వక్కర్లేదు. ఆ పని నువ్వు మొన్ననే చేశావ్ కదా.

కొండపల్లి_బొమ్మ
సీత గారికి +1. అలాగే హెచ్ఓఏ ఉన్నచోట రెండిటి పనులూ పోల్చి చూడండి. మాకు చెత్త తీసేదానికి రెండు చోట్లా డబ్బు వసూలు చేస్తున్నారని అలాగే బయటపడింది.

అనూష_అరోరా
అప్‌డేట్. గత మూడు వారాంతాల్లో మా రెండు వీధుల్లో తలుపు తలుపూ తట్టాం. చలికి చేతులు కొంకర్లు పోయాయి. బిల్లు కాగితం, మాస్టారు చెప్పిన లెక్క ఇంగ్లీషులో రాసిన ఒక పేజీ పట్టుకెళ్లాం. చాలామంది మాలాగే హెచ్ఓఏ అనుకుంటున్నారు. ఎదురింట్లో రిటైరైన టీచరమ్మ ఉంటారు, పింఛను మీద బతుకుతున్నారు. ఆమె ఆ పేజీ రెండుసార్లు చదివి, "నేను నిలబడతాను, లెక్కలు నువ్వు చూస్తావా" అన్నారు. వెనక వీధిలో ఒక ఫైర్‌ఫైటర్ కూడా ఒప్పుకున్నారు. నంబర్ 1తో ఉన్న ఒప్పందం కాపీ కోసం రాతపూర్వకంగా అడిగాం.

నిన్న రాత్రి మా వంటింటి బల్ల మీద ఇద్దరి ఫారాలూ నింపాం. సాక్షి సంతకం కావాలి, నేను పెడదామని పెన్ను తీశా. సాక్షి కూడా ఓటరే అయ్యుండాలట. చివరికి వాళ్లిద్దరూ ఒకరికొకరు సాక్షి సంతకాలు పెట్టుకున్నారు, నేను టీ పెట్టా.

లెక్కల_మాస్టారు
ఒప్పందం కాపీ రాగానే పంపమ్మా. బాండ్ల కాగితాలు కూడా. శనివారం కూర్చుని చదువుతా.

బెజవాడ_మిర్చి
ఫారాలు పోస్టులో వేయకండి, ఎన్నికల అధికారికి చేతికిచ్చి తేదీ ముద్ర ఉన్న కాపీ తీసుకోండి. 28 దాటితే ఒక్కరోజు కూడా వినరు.

అనూష_అరోరా
రేపు పొద్దున్నే నేనే కారులో తీసుకెళ్తున్నా ఇద్దరినీ.